గోడవైపు రాత

రైలు కనిపెట్టింది ఎవరో నాకు తెలియదు. ఆ పాఠం వచ్చేలోపే బడికీ నాకూ చెడింది. ఎవరు కనిపెడితేనేం, మా అమ్మమ్మే గనక లేకపోతే ఈ లోకంలో గూడ్సు బండి అన్నది ఒక్క అడుగు కదిలేది కాదు. వ్యాగన్లన్నీ ఎవరు ఎవరో తెలియక, తప్పిపోయిన పిల్లల్లా యార్డులో బిక్కమొహాలు వేసుకుని నిలబడేవి. వాటికి ఊరూ పేరూ ఇచ్చింది ఆవిడే. ఎంత పొగరున్న ఇంజనైనా, ఆవిడ రాసిన నంబర్లు వెనక తగిలించుకున్నాకే ముందుకు సాగింది. బొగ్గూ సిమెంటూ గోధుమలూ ఆవిడ చెప్పిన చోటికే వెళ్లాయి. వెళ్లనంటే ఆవిడ ఊరుకునేది కాదు.

ఇందులో సగం అబద్ధం. ఏ సగమో చెప్పను. నిజంగా జరిగిందేమిటంటే, మా అమ్మమ్మ వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాప్‌లో పెయింటరు. పాడైపోయి వచ్చిన వ్యాగన్‌కి తుప్పు గీకి, రంగు కొట్టి ఆరబెట్టాక, దాని నంబరూ, అది మోయగల బరువూ, మళ్లీ ఎప్పుడు రిపేరుకి రావాలో ఆ తేదీ తెల్లరంగుతో చేత్తో రాసేది. పని మానేసిన రోజున కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు కదా. లేదు. ఆ వ్యాగన్లనే అరచేతిలో పట్టేంత తయారుచేసి, వాటి మీద మళ్లీ అదే రాత మొదలుపెట్టింది. "చేసి చేసి ఒళ్లు హూనమైపోయిందే" అంటూ పొద్దున్నే లేస్తుంది. ఆ మాట నోట్లో ఉండగానే వెళ్లి అదే చాకిరీ ముందు కూర్చుంటుంది.

మా ఇంట్లో మధ్యగది గోడ పొడుగునా నడుమెత్తున ఒక చెక్కబల్ల ఉంటుంది. దాని మీద గూడ్సు యార్డు. పట్టాలు, సిగ్నల్ స్తంభాలు, తూకం గది, సగం రేకులు లేచిపోయిన షెడ్డు, ఎవరో వదిలేసినట్టు పడి ఉన్న ఒక తోపుడుబండి. చక్రాలూ పట్టాలూ పోస్టులో తెప్పించుకుంటుంది. మిగతాదంతా ప్లాస్టిక్ రేకూ, చొక్కాల డబ్బాల అట్టా, రాగితీగా. పట్టాల కింద కంకర కోసం, ఇళ్లు కట్టేచోట రాలిన రాతిపొడి సంచిలో తెచ్చి, వంటింట్లో పిండి జల్లెడ పట్టుకుపోయి జల్లిస్తుంది. తాతకి తిండిలో ఎప్పుడైనా రాయి తగిలితే నమలడం ఆపి, "ఇది ఏ స్టేషనే?" అని అడుగుతాడు.

తాత గడియారాలు బాగుచేసేవాడు. చూపు మందగించాక కొట్టు మూసేశాడు. ఆయన పట్టకార్లూ, కంటికి పెట్టుకునే భూతద్దమూ, చీమ కాలంత స్క్రూలూ ఒక్కొక్కటే అమ్మమ్మ బల్ల మీదికి వలసపోయాయి. "కట్నం ఇవ్వలేదని మీ అమ్మమ్మ ఇప్పుడు వసూలు చేసుకుంటోంది" అంటాడు. నిజానికి ఎవరు ఎవరికి ఇవ్వలేదో ఆ ఇద్దరికీ గుర్తులేదు.

తుప్పు వెయ్యడంలో అమ్మమ్మకి ఒక పట్టుదల ఉంది. నేను ఒకసారి సాయం చేద్దామని ఒక వ్యాగన్‌కి పైనుంచి గోధుమరంగు పూసి ఇచ్చాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంటే, బురదలో దొర్లిందా?" అంది. తుప్పు పైనుంచి వచ్చేది కాదట. ముందు వ్యాగనంతా తుప్పు రంగే వెయ్యాలి. దాని మీద అక్కడక్కడా తడి ఉప్పు చల్లాలి. ఆ పైన అసలు రంగు కొట్టి, ఆరాక బ్రష్షుతో రుద్దితే ఉప్పు రాలిపోయి, రాలిన చోటల్లా లోపలి తుప్పు బయటపడుతుంది. అంత కష్టపడి కొత్తదాన్ని పాతది చేస్తుంది. ఆ పని ఏమీ లేకుండానే మేమంతా పాతబడుతున్నాం కదా అని తాత బాధ.

ఏ వ్యాగన్‌నీ ఆవిడ ఊహించి చెయ్యదు. ప్రతిదానికీ ఒక ఫోటో ఉండాలి. మా వీధి చివర రైలుకట్ట ఉంది. నా చిన్నప్పటినుంచీ సాయంత్రాలు నన్ను వెంటేసుకుని అక్కడికి వెళ్లేది. ఎండ వీపు వెనక పడేలా నిలబడి, మెడలో కెమెరాతో గూడ్సు బండి కోసం చూసేది. మనుషుల బండికైతే ఒక వేళంటూ ఉంటుంది. గూడ్సుకి అదీ లేదు. వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. కాళ్లు లాగినప్పుడు రాయి మీద కూర్చునేది. కూర్చోగానే బండి వచ్చేది. "నా నడుము ఎప్పుడు వంగుతుందా అని చూస్తుంటారు ముండాకొడుకులు" అని డ్రైవర్లను తిట్టుకుంటూ లేచేది.

అప్పుడే ఒక సంగతి గమనించాను. బండి ముందునుంచి పోతుంటే ఆవిడ కొన్ని వ్యాగన్లకే మీట నొక్కేది. కొన్ని రాగానే కెమెరా కిందికి దించేసేది. మళ్లీ ఎత్తేది, మళ్లీ దించేది.

"అదెందుకు తియ్యలేదు అమ్మమ్మా?"

"వెలుతురు చాల్లేదు."

ముందు వ్యాగన్ మీదా, వెనక వ్యాగన్ మీదా ఉన్న ఎండ మధ్యదాని మీద మాత్రం లేకుండా ఎక్కడికి పోయిందో నాకు అర్థమయ్యేది కాదు. చదువు మానేసినదాన్ని కాబట్టి నాకే తెలియదేమో అనుకుని ఊరుకున్నాను.

బల్ల మీది వ్యాగన్లదీ అదే కథ. గదివైపు ఉన్న పక్క చూస్తే ప్రతి గీతా, ప్రతి సొట్టా ఉంటుంది. నంబరు చదవాలంటే తాత భూతద్దం కావాలి. గోడవైపు పక్క మాత్రం బోడిగా ఉంటుంది. రంగు ఉంటుంది, తుప్పు ఉంటుంది, ఒక్క అక్షరం ఉండదు. ఒకసారి ఆడుకుంటూ ఒకదాన్ని తిప్పి పెట్టినందుకు నా వీపు విమానం మోత మోగింది.

కిందటి వానాకాలం వెళ్లాక వర్క్‌షాప్ గేటు దగ్గర పనిచేసి రిటైరైనాయన మా ఇంటికి వచ్చాడు. అందరూ ఆయన్ని గేటు బాబాయి అంటారు. మంచినీళ్లు తాగి, గ్లాసు కిందపెట్టి, "పుర్రచెయ్యి పోయింది వదినా" అన్నాడు.

అమ్మమ్మ "ఊఁ" అంది. వెళ్లి కుంచెలు కడిగింది. కడిగినవాటినే మళ్లీ కడిగింది. గేటు బాబాయి వెళ్లేముందు ఇంకో మాట చెప్పాడు. పాత మూతవ్యాగన్లు కొన్నింటిని ఊరవతల సైడింగులో, వాడని పట్టాల మీద పెట్టి తుక్కు కింద కోసేస్తున్నారట. అన్నింటికీ ఎప్పుడో అంకెలు కోసిన అచ్చురేకు పెట్టి స్ప్రే కొట్టేశారు గానీ, ఒక్కదాని మీద మాత్రం ఇంకా చేతిరాత ఉందట. రెండు పక్కలా.

ఆ తర్వాత అమ్మమ్మ చాలా రోజులు బల్ల దగ్గరికి పోలేదు. దుమ్ము పడితే అసలైన యార్డులాగే ఉంటుందని నేను వేళాకోళం చేసినా తిట్టలేదు. తిట్టకపోయేసరికి నాకు భయం వేసింది. తాతని వరండాలోకి లాక్కెళ్లి అడిగాను.

"పుర్రచెయ్యి ఎవరు తాతా?"

"మీ అమ్మమ్మకి సవతి."

"తాతా."

"సరేలే. సవతికంటే ఎక్కువే. ఇద్దరూ కలిసి ఒక్కో వ్యాగన్‌కి రాసేవాళ్లు."

అప్పుడు చెప్పాడు. ఒక్కో వ్యాగన్‌కి ఇద్దరు పెయింటర్లు ఉండేవారట, పక్కకొకరు. షెడ్డు తలుపు వైపు పక్క అమ్మమ్మది. అటునుంచి వెలుతురూ గాలీ వచ్చేవి. గోడవైపు పక్క ఆవిడది. గోడకీ వ్యాగన్‌కీ మధ్య మనిషి పట్టేంత సందు, పైన ఒక బల్బు. ఆవిడది ఎడంచేతి వాటం. అందుకే ఆ పేరు. మొదటిరోజు ఫోర్‌మన్ ఎవరిని ఎటు నిలబెట్టాడో, వాళ్లు అటే ఉండిపోయారు. ఒకరి మొహం ఒకరికి కనిపించేది కాదు. వ్యాగన్ కిందనుంచి కాళ్లు చూసుకుంటూ, చక్రాల మధ్యనుంచి కబుర్లు చెప్పుకునేవారట. ఇళ్లల్లో గొడవలు, పిల్లల జ్వరాలు, మొగుళ్ల మీద జోకులు. "నా మీద ఎన్ని వేశారో ఆ చక్రాలకే తెలుసు" అన్నాడు తాత.

"మరి ఏమైంది?"

"ఒక ఎండాకాలం ఆవిడ అడిగింది. కళ్లు మంటలుగా ఉన్నాయే, ఈ కొన్నాళ్లు పక్కలు మార్చుకుందాం అని. ఫోర్‌మన్ కూడా మీరూ మీరూ ఒప్పుకుంటే నాకేం అన్నాడు."

"అమ్మమ్మ ఒప్పుకోలేదా?"

తాత తన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చీకట్లో నా రాత పాడైపోతుంది అంది. ఆవిడ మళ్లీ అడగలేదు. చక్రాల కింద మాటలు కూడా ఆగిపోయాయి. పోనుపోను ఆవిడకి గీత కనిపించడం మానేసింది. కుంచె తీసేసుకుని తుప్పు గీకే పనిలో వేశారు."

నేను మధ్యగదిలోకి వెళ్లి బల్ల మీది వ్యాగన్లను చూశాను. అన్నీ ఒకే పక్క చూపిస్తూ నిలబడి ఉన్నాయి. రైలుకట్ట మీద ఆవిడ కెమెరా దించేసిన వ్యాగన్లు గుర్తొచ్చాయి. వ్యాగన్లు ఎక్కడెక్కడో తిరిగి ఒక్కోసారి ఇటు మొహంతో, ఒక్కోసారి అటు మొహంతో వస్తాయి. ఎడంచేత్తో రాసిన అంకెకి కుంచె లేపినచోట తోక ఎడమకి తిరుగుతుంది. అది చాలు అమ్మమ్మకి, ఎంత దూరంనుంచైనా పుర్రచెయ్యి రాతని పోల్చుకోవడానికి.

మర్నాడు పొద్దున్న అమ్మమ్మ చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది. "రెండు పక్కలా రాత ఉన్న వ్యాగన్ ఒక్కటి చెయ్యాలి. అసలుది కోసేసేలోపు వెళ్లాలి. వస్తావా, పడుకుంటావా?"

"మోకాళ్లు?"

"అవీ వస్తాయి."

బస్సు దిగి పట్టాల పక్కన చాలా దూరం నడిచాం. స్లీపర్ల మీద నడిస్తే అడుగు సరిపోదు, కంకర మీద నడిస్తే చీలమండ తిరుగుతుంది. ఆవిడ మాటిమాటికీ ఆగి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, దూరంగా ఉన్నదేదో చూస్తున్నట్టు నటించింది. నేనూ చూస్తున్నట్టు నటించాను.

సైడింగు దగ్గర గొడుగు కింద కాపలావాడు కూర్చుని ఉన్నాడు. "ఎక్కడికి పెద్దమ్మా?"

"ఫోటో తియ్యాలి నాయనా."

"దేన్ని? ఇదంతా తుక్కు."

"నేను మాత్రం కొత్తదాన్నా. పక్కకి జరుగు."

వాడు నవ్వి జరిగాడు.

కొన్ని వ్యాగన్లు అప్పటికే చక్రాలొక్కటే మిగిలి, చొక్కా విప్పినవాళ్లలా నిలబడి ఉన్నాయి. గ్యాస్ కట్టర్ వాసన ముక్కుకి కొడుతోంది. చివరినుంచి రెండోది మనది. ఖాళీవైపు ఉన్న పక్క అమ్మమ్మ రాసిందే. తెలుపు పసుపైపోయింది, అయినా నిటారుగా ఉంది. ఆవిడ దానికేసి చూడనైనా చూడకుండా చుట్టు తిరిగి వెళ్లింది.

అటు పక్కన పాత గోదాం గోడ. మధ్యలో సందు. అమ్మమ్మ కాసేపు ఆ సందు ముందు నిలబడి, చీర కుచ్చిళ్లు దోపుకుని, పక్కకి తిరిగి లోపలికి దూరింది. నేను వెనకాలే. లోపల ఉక్కపోత. మొహం ముందు ఇనుము, వీపు వెనక ఇటుక.

ఆవిడ కెమెరా కంటికి పెట్టుకుంది. దించింది. వెనక్కి జరగబోతే తల గోడకి తగిలింది. "దూరం లేదే" అంది. "ఏదీ పట్టడం లేదు."

"షెడ్డులో కూడా ఇంతే ఉండేదా?"

"ఇంకాస్త తక్కువ."

"నువ్వెప్పుడైనా ఇటు వచ్చావా?"

"నా పని అటువైపు. ఇటెందుకు వస్తాను?" అంది. తర్వాత అరచెయ్యి వ్యాగన్ మీద పెట్టి తడుముకుంటూ వెళ్లింది. ఈ పక్క గోడనుంచి చెమ్మ తగిలినట్టుంది. అడుగుభాగమంతా పొలుసులు లేచిపోయింది. బరువు రాసినచోట చిల్లు. తేదీ ఉండాల్సినచోట తుప్పు తప్ప ఏమీ లేదు. పైన నంబరు మాత్రం కొంచెం మిగిలింది. మొదటి అంకెలు పోయాయి, చివరివి ఉన్నాయి. వాటి తోకలు ఎడమకి తిరిగి ఉన్నాయి.

అంకెలు తీర్చినట్టున్నాయి. ఆ చీకట్లో పుర్రచెయ్యి అంత తీరుగా ఎలా రాసిందో నాకు తెలియదు. అమ్మమ్మ ఒక్కో అంకెకీ ఒక్కో ఫోటో తియ్యడం మొదలుపెట్టింది.

"నా ఫోన్‌తో తియ్యనా? చీకట్లో కూడా బాగా వస్తుంది."

"నీ ఫోను అన్నిటికీ పౌడరు రాస్తుంది. దీనికి వద్దు."

సందు మొదట్లో కోతపని మేస్త్రీ తల పెట్టాడు, నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని. "అమ్మా, బయటికి రండి. దీన్నే కొయ్యాలి. నిప్పురవ్వలు పడతాయి."

"ఇంకొక్కటి బాబూ."

ఆయన కట్టర్ ఆపేసి బీడీ వెలిగించుకున్నాడు. బీడీ అయిపోయింది. అమ్మమ్మ ఇంకొక్కటి అవ్వలేదు. "మాకూ పనుందమ్మా" అన్నాడు, విసుగ్గా కాదు, అలసటగా. అమ్మమ్మ కెమెరా మెడలో వదిలేసి బయటికి వచ్చింది. చీరంతా తుప్పు.

"ఎవరిదమ్మా ఆ రాత? మీదా?" అన్నాడు మేస్త్రీ.

"నాది అటుపక్కది."

"ఇటుపక్కది ముక్క కోసి ఇమ్మంటారా? నంబరు ఉన్నంతమేర?"

నాకు ప్రాణం లేచివచ్చింది. అమ్మమ్మ మాత్రం ఆ ఇనుముకేసి చూసి, తన మోకాళ్లకేసి చూసి, "మొయ్యలేనయ్యా" అంది.

మేం పట్టాల మీద సగం దూరం వచ్చేసరికి వెనక కట్టర్ శబ్దం మొదలైంది. ఆవిడ వెనక్కి తిరగలేదు. బస్సులో నా భుజం మీద తల పెట్టి నోరు తెరుచుకుని నిద్రపోయింది.

ఫోటోల్లో చాలావరకు చెదిరిపోయాయి. కుదురుగా వచ్చినవాటిని నేను పనిచేసే జిరాక్స్ కొట్టులో పెద్దవి చేయించి తెచ్చాను. అమ్మమ్మ వాటిని బల్లకి ఎదురుగా అంటించింది. కొత్త వ్యాగన్ కట్టింది. రేకు కోసింది, రివెట్లు గుచ్చింది, తుప్పు రంగు, ఉప్పు, పైరంగు అన్నీ అయ్యాయి. తన పక్క ఒక పూటలో రాసేసింది. తర్వాత దాన్ని తిప్పి అంకె రాసింది, భూతద్దంలో చూసింది, గుడ్డ ముక్కకి కిరసనాయిలు తడిపి తుడిచేసింది.

"బాగానే ఉందిగా" అన్నాను.

"నాలా ఉంది."

మళ్లీ రాసింది. మళ్లీ తుడిచింది. ఒకరోజు నేను వచ్చేసరికి కుంచె ఎడంచేతిలో పట్టుకుని కూర్చుంది. నాలుక పళ్ల మధ్య పెట్టుకుంది. గీత ఎటు పోవాలో అటు తప్ప అన్నివైపులకీ పోతోంది.

"ఒకటో తరగతిలో చేరింది" అన్నాడు తాత కుర్చీలోంచి. "ఫీజు కట్టామో లేదో చూడు."

"మీరు నోరు మూసుకుంటే రాసుకుంటాను."

"నోరు మూసుకుంటే ఇంట్లో నేనున్నట్టు ఎలా తెలుస్తుంది?"

చలి తగ్గేవరకూ అదే పని. రంగు తుడిచీ తుడిచీ రేకు పలచబడితే ఆ పక్క విప్పేసి కొత్త రేకు అతికించేది. మధ్యమధ్య కుంచె కిందపెట్టి మణికట్టు నొక్కుకునేది. వదిలెయ్యమని నేను అనలేదు. అంటే వింటుందేమోనని భయం. చివరికి ఒక సాయంత్రం అంకెలు కుదిరాయి. పైన, కుడివైపుకి, చివరి అంకెలు. తోకలు ఎడమకి తిరిగి, అచ్చం ఆ ఫోటోలో ఉన్నట్టే. తాత కూడా లేచివచ్చి, భూతద్దం తన కంటికే పెట్టుకుని, చాలాసేపు చూసి, జోకేమీ వెయ్యకుండా వెళ్లి కూర్చున్నాడు.

ఇక మిగతాది సులువే కదా అనుకున్నాను. నంబరు మొదటి సగం, బరువు, తేదీ. అవి రెండు పక్కలా ఒకటే ఉంటాయి. అటుపక్క ఆవిడే రాసింది. చెయ్యి కూడా ఇప్పుడిప్పుడే దారిలోకి వచ్చింది. కానీ అమ్మమ్మ తెల్లరంగు డబ్బా మూత పెట్టేసి, తుప్పు రంగు తీసి, ఆ ఖాళీ అంతా తుప్పు నింపడం మొదలుపెట్టింది.

"అదేంటి, మిగతాది రాయవా?"

"మిగతాది కనపడలేదు గదే."

"అటుపక్క చూసి రాసెయ్యొచ్చుగా. రెండూ ఒకటేగా."

"అటుపక్కది నాది."

"ఇంత కష్టపడి సగంలో వదిలేస్తే ఎట్లా? ఎవరైనా వచ్చి, ఇటువైపు ఏం రాసి ఉండేదని అడిగితే నేనేం చెప్పను?"

అమ్మమ్మ కుంచె నా చేతిలో పెట్టి, బల్ల పట్టుకుని లేచింది.

"ఆ రాత ఉన్నన్నాళ్లూ మా అమ్మమ్మ ఇటు చూడలేదని చెప్పు. వెళ్లి అది కడుక్కురా, గట్టిపడిపోతుంది."